డాక్టరమ్మ కారుకు కూలర్ రేకు

యెషయా గారి పెద్దమ్మాయి పెళ్లి ఊరేగింపులో కారు శంషాబాద్ బస్టాండు ముందు ఆగిపోయి ఆవిరి కక్కిన సంగతి మేము ఆ ఊరికి రాకముందు జరిగింది. అయినా నాకు కళ్లారా చూసినంత బాగా తెలుసు. వాళ్లింట్లో సగం వాటాలో అద్దెకు దిగిన మొదటి నెలలోనే ముగ్గురు చెప్పారు. యెషయా గారి భార్య రెబెక్కా వదిన చెప్పినప్పుడు ఆవిరి కాస్తే వచ్చింది. రోడ్డవతల కూలర్లు తయారుచేసే బాలమల్లు చెప్పినప్పుడు రైలింజనంత వచ్చింది. ముగ్గురి మాటా కలిసింది ఒక్కచోటే. కొత్త జంటను కారులోంచి దించి, గడ్డి దించేసి వస్తున్న ట్రాక్టర్ ఎక్కించారు. పెళ్లికూతురి తెల్లచీర నిండా గడ్డిపరకలే.

ఆ కారును ఊళ్లో డాక్టరమ్మ కారంటారు. యెషయా గారు ఒక డాక్టరమ్మ దగ్గర ఇరవై రెండేళ్లు డ్రైవరుగా పనిచేశారు. ఆవిడ రిటైరై వెళ్లిపోతూ తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. అప్పటికే అది ముసలిది. గుండ్రటి దీపాలు, బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, నలుగురు కూర్చుంటే అయిదోవాళ్లు ఊపిరి బిగబట్టాల్సినంత చోటు. మా వంటింటి కిటికీకి ఎదురుగా, రేకుల పందిరి కింద ఉండేది. మా వారు వీరరాఘవులు కొత్తూరు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక నాకు రోజంతా కనిపించేవి రెండే. పొయ్యిమీద గిన్నె, పందిరికింద కారు.

తొంభై ఆరు వేసవిలో రెండో అమ్మాయి షెకీనాకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ప్రిన్స్‌ది బడంగ్‌పేట్. మే ఇరవై రెండు, బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకు చర్చిలో పెళ్లి. నాలుగింటికి బ్యాండు మేళంతో ఊరేగింపుగా స్కూలు మైదానానికి వెళ్లడం, అక్కడ విందు. ఇవన్నీ మాట్లాడుకోవడానికి ప్రిన్స్ మేనత్త జయశీల గారు వచ్చారు. ఆవిడ పెద్దమ్మాయి పెళ్లికీ వచ్చిన మనిషే. కాఫీ తాగుతూ పందిరివైపు చూసి నవ్వారు.

"అన్నా, మా తమ్ముని కాడ కొత్త వ్యాన్ ఉన్నది. పంపిస్త. ఇది వద్దులే. మల్ల నడి బజార్ల చాయ్ నీళ్లు కాస్తది."

అందరూ నవ్వారు. యెషయా గారు నవ్వలేదు. "నా బిడ్డ ఈ కార్లనే పోతది, జయశీలమ్మా" అన్నారు.

"పోతే మంచిదే. ట్రాక్టర్ గూడ తయారుగ పెట్టుకో."

ఆ సాయంత్రం షెకీనా డాబామీద బట్టలు తీస్తూ నాతో అంది. "వ్యాన్ల పోవుడు నాకు ఇష్టం లేదత్తా. వ్యాన్ అయితే వాళ్ల డ్రైవర్ నడుపుతడు, బాపు ఎన్కనెక్కడ్నో నడుచుకుంట వస్తడు. గీ కారైతే బాపే నడుపుతడు. నన్ను బడికి తోలింది గిట్లనే గద."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. అంతవరకు ఆ కారు గురించి నాకున్నది కిటికీ కాలక్షేపం మాత్రమే.

యెషయా గారు ఊరికే కూర్చునే మనిషి కాదు. బస్టాండు అవమానం తరువాత, ఇంజన్ నీళ్లను చల్లార్చే పాత రేడియేటర్ తీసిపారేసి, ఒక జీపుది సంపాదించి పెట్టారు. అది పాతదానికంటే రెండింతలు పెద్దది. ఉన్న చోట పట్టక, చట్రం కోసి ముందుకు జరిపి బిగించారు. బెంగళూరు రోడ్డుమీద కొత్తూరు దాకా ఉరికిస్తే ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాటదు. కానీ పందిరికింద నిలబెట్టి ఇంజన్ ఆడిస్తే పావుగంటకే ముల్లు ఎర్రగీత ఎక్కేది. ఊరేగింపంటే నిలబెట్టినట్టే కదా. మనుషుల నడకకంటే నెమ్మది, మూలమూలకూ ఆగడం, బ్యాండువాళ్లు ఒక పాట పూర్తిచేసేదాకా కదలకపోవడం.

"గింత పెద్దది పెట్టిన చెల్లె. ఇంకేం కావాలె దీనికి?" అనేవారు నాతో. ఆయన నన్ను చెల్లె అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. నాకేం తెలుసని జవాబు చెప్పను?

తెలిసింది మే నెల మొదట్లో, మా వారి మతిమరుపువల్ల.

మా ఇంట్లో బాలమల్లు చేసిన కూలర్ ఉండేది. ఆకుపచ్చ రంగు రేకు డబ్బా, ముందు ఫ్యాను, మిగతా మూడు వైపులా తడిపిన గడ్డి తడకలు. ఆ రోజు మా వారు నీళ్లు పోయడానికి వెనక తడక తీసి గోడకు ఆనించి, అలాగే ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం కూలర్ వేస్తే ఫ్యాను ఎప్పటిలాగే గిర్రున తిరుగుతోంది, గాలి మాత్రం వేడిగా కొడుతోంది. పక్క తడకలు చూశాను. తడిగానే ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే ఆ వైపంతా బార్లా తెరిచి ఉంది. గాలికి బద్ధకం ఎక్కువ. తెరిచిన దారి ఉంటే తడకల్లోంచి దూరి రావడానికి కష్టపడదు. తడక పెట్టేశాను. నిమిషంలో గది చల్లబడింది.

చల్లటి గాలి మొహానికి తగులుతుండగానే నాకు కారు గుర్తొచ్చింది. అక్కడా అంతే కదా! రేడియేటర్ ముందుకు జరిగింది, ఫ్యాను పాతచోటే ఉంది. మధ్యలో జానెడు ఖాళీ. ఫ్యానుకు చుట్టుపక్కల ఉన్న ఇంజన్ వేడిగాలి తేరగా దొరుకుతుంటే, జానెడు అవతలున్న రేడియేటర్ సన్నటి సందుల్లోంచి ఎందుకు లాగుతుంది? రోడ్డుమీద పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి తనంతట తానే దూరుతుంది. నిలబడితే ఫ్యానే దిక్కు. అది డబ్బా లేని కూలర్.

చీర కొంగు దోపుకొని పందిరికిందికి పరుగెత్తాను. "అన్నయ్యగారూ, ఒకసారి ఇంజన్ ఆడించండి!"

"ఏంది చెల్లె, గంత పరేషాన్?"

గోడ క్యాలెండర్లో చింపేసిన తేదీ చీటీలు నేను సామాన్ల పద్దు రాసుకోవడానికి దాస్తాను. అవి ఉల్లిపొర అంత పలచన. ఒక చీటీ తీసి నడుస్తున్న ఇంజన్ ముందు, రేడియేటర్ మధ్యలో పెట్టి వదిలాను. అతుక్కుని నిలిచింది. పై మూలన పెట్టాను. జారి కిందపడింది. కింది మూలన, పడింది. కుడిపక్క, పడింది. అన్నం పళ్లెమంత మేర తప్ప ఎక్కడా చీటీ నిలవలేదు.

యెషయా గారు వంగి చూశారు. ఒక చీటీ నా చేతిలోంచి తీసుకొని తానే నాలుగు మూలలా పెట్టి చూశారు. నాలుగుచోట్లా పడింది.

"గింత పెద్దది పెట్టిన" అన్నారు మళ్లీ, ఈసారి వేరే గొంతుతో. "పని జేస్తున్నది గింతేనా?"

కూలర్ సంగతి చెప్పాను. రేడియేటర్ అంచులనుంచి ఫ్యాను చుట్టూ దాకా ఒక రేకు తొడుగు కావాలి. అప్పుడు ఫ్యానుకు వేరే దారి ఉండదు, మొత్తం రేడియేటర్లోంచే లాగాలి. ఆయన కాసేపు తల గోక్కున్నారు. నాకు భయం వేసింది. ఇరవై రెండేళ్ల డ్రైవరుకు వంటింటి మనిషి చెప్పడమేమిటి అనుకుంటారేమోనని. ఆయన గేటు దగ్గరికి వెళ్లి రోడ్డవతలికి అరిచారు.

"ఓ బాలమల్లూ! టేపు పట్టుకొని రా! కార్‌కు కూలర్ జెయ్యాలె!"

బాలమల్లు నవ్వుతూనే వచ్చాడు. "సీట్ల కిందనా అన్నా, డిక్కిలనా?" బానెట్ ఎత్తి చూపించాక నవ్వు ఆపి కొలతలు తీసుకున్నాడు. మర్నాటికి ఆకుపచ్చ రేకుతో తొడుగు తెచ్చాడు. ముందు నలుచదరం, వెనక్కి పోతూ ఇరుకై, చివర ఫ్యానుకు గుండ్రటి కన్నం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. బిగించి ఇంజన్ ఆడించారు. బాగానే ఉంది. యెషయా గారు యాక్సిలరేటర్ నొక్కగానే టకటకా టకటకా!

"ఆపండి, ఆపండి!"

ఫ్యాను రెక్క రేకుకు కొట్టుకుంటోంది. "కన్నం సక్కగనే కోసిన అక్కా" అన్నాడు బాలమల్లు. చక్కగానే కోశాడు. కానీ కూలర్లో మోటారు కదలదు. కారులో ఇంజన్ రబ్బరు దిమ్మలమీద కూర్చుంటుంది. గట్టిగా నొక్కితే ఒక పక్కకు ఊగుతుంది. ఎటు ఎంత ఊగుతోందో నేను సుద్దముక్కతో గీత గీసి చూశాను. ఎడమకు వేలెడు మందం. కన్నాన్ని ఎడమవైపు జరిపి మళ్లీ కోయమన్నాను.

"వేలెడేనా, వేలున్నరనా?"

"వేలున్నర అయితే గాలి పక్కనుంచి దొంగతనంగా పోతుంది. వేలెడే."

"మీ ఆయన ఎట్ల బతుకుతున్నడక్కా నీతోని?" అన్నాడు. కానీ వేలెడే కోసుకొచ్చాడు. రేడియేటరుకూ రేకుకూ మధ్య సందులో పాత సైకిల్ ట్యూబు చీల్చి నేనే కూరాను. వెంట్రుకవాసి వెలుతురు కనిపించినచోటల్లా తీసి మళ్లీ కూరాను. ఇక ఇంజన్ ఆడించి చీటీలు పట్టుకున్నాం. నేను పై మూలన, యెషయా గారు కింది మూలన, రెబెక్కా వదిన, షెకీనా చెరో పక్క.

"ఒకటి, రెండు, మూడు" అని వదిలేశాం.

ఒక్కటీ పడలేదు. నాలుగు మూలలా నాలుగు తేదీలు రేడియేటరుకు అతుక్కుని రెపరెపలాడుతున్నాయి. షెకీనా చప్పట్లు కొట్టింది. బాలమల్లు ఈల వేశాడు. యెషయా గారు ఆ చీటీల్ని ఒక్కొక్కటే తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

పందిరికింద నెగ్గితే సరిపోదని నాకు తెలుసు. పందొమ్మిదో తేదీ ఆదివారం మా వారిని పనిలో పెట్టాను. ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, మధ్యాహ్నం రెండింటికి, నల్ల గొడుగు వేసుకొని ఆయన కారు ముందు నడవాలి. యెషయా గారు ఆయన్ని దాటకుండా వెనకే నడపాలి. నేను ముందు సీట్లో కూర్చొని రెండేసి నిమిషాలకు ముల్లు ఎక్కడుందో రాసుకుంటాను.

"ఇదేమిటి లలితా! సెలవురోజున నన్ను ఎండలో ఊరేగిస్తావా?"

"మీరు కాదండీ ఊరేగేది, కారు. మీరు బ్యాండు."

చర్చి దగ్గర మొదలుపెట్టాం. మూలమూలకూ ఆగి, ఒక పాట అయ్యేంతసేపు నిలబడ్డాం. పాట ఉండాలని రెబెక్కా వదిన వెనక సీట్లోంచి నిజంగానే పాడింది. బస్టాండు దగ్గర పాన్‌డబ్బా ఐలయ్య మా వారిని అడిగాడు. "ఏంది సార్, ఎవ్వరి పెండ్లి?"

"ఇంకా కాలేదండీ. ఇప్పుడు ముహూర్తం చూస్తున్నాం" అన్నారు మా వారు, చెమట తుడుచుకుంటూ.

ముల్లు సగానికి వచ్చింది. కాస్త పైకి జరిగింది. నా గుండె కూడా జరిగింది. అక్కడే ఆగింది. కిందినుంచి వేడిగాలి ముందుచక్రం పక్కగా రోడ్డుమీదికి బుసకొడుతోంది, దుమ్ము లేస్తోంది. వేడి ఇంజన్లో ఉండిపోకుండా బయటికి పోతోందన్నమాట. నలభై నిమిషాలు, ఇరవై గీతలు, అన్నీ సగం దగ్గరే. మైదానం చేరేసరికి మా వారు గొడుగు గాల్లోకి ఎగరేశారు. ఇంటికి వచ్చాక మజ్జిగ నాలుగు గ్లాసులు తాగి, "చూశావా, నా నడకలోనే ఉంది కిటుకంతా" అన్నారు.

పెళ్లి చక్కగా జరిగింది. తెల్లచీరలో షెకీనా ముందు నడుస్తుంటే, నేలను తాకే ముసుగు కొస పట్టుకొని నేను వెనకే నడిచాను. గుమ్మం దగ్గర జనంలో వెనకబడి, నేను చర్చి బయటికి వచ్చేసరికి జంటను కారెక్కించేశారు. చుట్టూ జనం. యెషయా గారు కోటు వేసుకొని స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆయన వీపు ఎప్పుడూ అంత నిటారుగా ఉండటం నేను చూడలేదు. బ్యాండు మోగింది. నేను డ్రైవరు పక్క తలుపు వెంబడి, కిటికీలోంచి ముల్లు కనిపించేలా నడిచాను.

మొదటి మూల దాటాక ఏదో తేడాగా తోచింది. ఏమిటో వెంటనే తెలియలేదు. తరువాత తెలిసింది. కాళ్లకు వేడిగాలి తగలడం లేదు. ఆదివారం దుమ్ము రేపిన ఆ గాలి ఇవాళ లేనే లేదు.

ముల్లు చూశాను. సగం దాటింది. ఇంకా పావు వంతు దూరమే ఉంది ఎర్రగీతకు.

జనాన్ని తోసుకుంటూ కారు ముందుకు వెళ్లాను. దీపానికీ దీపానికీ మధ్య, లోపలికి గాలి దూరే జాలీ మొత్తం కప్పేస్తూ, వెదురు చట్రంమీద మామిడాకుల చాప. దానిమీద మల్లెపూలతో అల్లిన సిలువ. ఎంత బాగుందో చెప్పలేను. చర్చిలోని స్త్రీల సమాజంవాళ్లు, వాళ్ల పెద్ద రెబెక్కా వదిన, తెల్లవారుజామునుంచి కూర్చొని అల్లారు. కడతారని విన్నాను గానీ, ఎక్కడ కడతారో అడగలేదు. చీటీ పట్టే సందు కూడా వదలకుండా ట్యూబు కూరిన నేను, ఆ ఒక్కమాట అడగలేదు.

వెనక్కి వచ్చి కిటికీలోకి వంగాను. "అన్నయ్యగారూ, ముందు చూశారా?"

"చూసిన చెల్లె." ఆయన నావైపు తిరగలేదు. నుదుటినుంచి చెమట కాలరులోకి కారుతోంది. "సిలువను తీయుమని ఎట్ల జెప్పాలె? వారం సంది దాని మీదనే ఉన్నది రెబెక్క. దేవుడు దాటిస్తడనుకున్న."

ఎదురుగా బస్టాండు. బ్యాండువాళ్లు అక్కడ ఆగి కొత్త పాట ఎత్తుకున్నారు. జయశీల గారు పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని మా పక్కకు వచ్చారు. "ఏమన్నా, గీ జాగకు రాంగనే మొకం మారింది? నీళ్లు కాగుతున్నయా?"

వెనక సీట్లో షెకీనా తండ్రి భుజంమీదుగా ముల్లును చూస్తోంది. ఆ పిల్ల మొహంలో పెళ్లి కళ పోయి బడిపిల్ల భయం కనబడింది. ముల్లు ఎర్రగీతను తాకింది.

ఆ సిలువ నా చేత్తో తీయదగ్గది కాదు. వేరే దేవుడికి మొక్కే ఇంటిదాన్ని. నడిరోడ్డుమీద ఆ పని చేస్తే వదిన ఎప్పటికీ మరిచిపోదు. మనసారా చేయగలిగింది ఆవిడే. స్త్రీల సమాజం వరసలోకి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, కూలర్ తడకకు దుప్పటి కప్పినట్టుంది. కారుకు ఊపిరాడటం లేదు."

ఆవిడకు వెంటనే అర్థమైంది. చీటీలు పట్టిన చెయ్యి కదా. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "సిలువ వదినె! తీసి యాడ పెడ్తం? గీ దుమ్ముల, నేల మీదనా?"

"నేలమీద ఎందుకు? కారుకు కట్టడమెందుకు అసలు? మీ చేతుల్లో ఎత్తిపట్టుకొని కారు ముందు మీరే నడవండి. దాని వెనకే పిల్ల వస్తుంది."

రెబెక్కా వదిన కళ్లు తుడుచుకుంది. తరువాత చీర కొంగు నడుముకు చుట్టింది. "రాండ్రి! నలుగురు రాండ్రి! దారాలు కొయ్యుండ్రి!"

పాన్‌డబ్బాలోంచి ఐలయ్య కత్తెర అందించాడు. నాలుగు కొసల దారాలు కోసి, నలుగురు ఆడవాళ్లు చట్రాన్ని భుజాలెత్తుకు లేపారు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. బ్యాండు మేస్త్రీ ఏమనుకున్నాడో, ఎత్తుకున్న సినిమా పాట సగంలో ఆపి చర్చి పాట మొదలుపెట్టాడు. రెబెక్కా వదిన గొంతెత్తింది. వెనక వరసలన్నీ అందుకున్నాయి. కారు కదిలింది.

నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. నా కాళ్లకు భగ్గున వేడిగాలి తగిలింది. దుమ్ము లేచి జయశీల గారి పట్టుకుచ్చెళ్లమీద పడింది. ఇంత వేడిగాలికి నేనెప్పుడూ అంత సంతోషించలేదు.

"ముల్లు?" అని అడిగాను.

"ఆగింది" అన్నారు యెషయా గారు. పదడుగులు వేశాం. "ఆగింది చెల్లె." ఇంకో ఇరవై అడుగులు. "దిగుతున్నది. దిగుతున్నది!"

"బాపూ, సక్కగ ముందుకు జూసి నడుపు" అంది షెకీనా. ప్రిన్స్ ఆ రోజు మొదటిసారి బిగ్గరగా నవ్వడం విన్నాను.

మైదానం ఇంకా మైలు దూరం. దారిలో ఒకావిడ చేతులు నొప్పెట్టి చట్రం ఒక కొస దించబోయింది. జయశీల గారు వెళ్లి ఆ కొస అందుకున్నారు. తిరిగి ఇచ్చెయ్యలేదు, చివరిదాకా ఆవిడే మోశారు.

మైదానంలో షామియానా ముందు కారు ఆగాక, జంట దిగాక, యెషయా గారు చేసిన మొదటి పని బానెట్ ఎత్తడం. బస్టాండులో అప్పట్లో తెరిచిన బానెట్ చూసినవాళ్లంతా మూగారు. ఈసారి లోపల ఆవిరి లేదు. ఆకుపచ్చ కూలర్ రేకు ఉంది. దానిమీద తెల్ల అక్షరాలతో బాలమల్లు తన దుకాణం పేరు రాసుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. జనం వెనకనుంచి అతనే అరుస్తున్నాడు. "జర పక్కకు జరుగుండ్రి, ఎన్కున్నోళ్లకు కనబడతలేదు!"

యెషయా గారు ఇంజన్ ఆపలేదు. కోటు జేబులోంచి ఒక చీటీ తీశారు. ఆ రోజు పొద్దున మా గోడమీది క్యాలెండర్లోంచి అడిగి చింపించుకున్నది. మే ఇరవై రెండు, బుధవారం. దాన్ని రేడియేటర్ పై మూలన పెట్టి చెయ్యి తీసేశారు. చీటీ అక్కడే నిలబడి రెపరెపలాడింది.

"సరేగని అన్నా, నీ కారే గెలిచింది" అన్నారు జయశీల గారు, భుజం రుద్దుకుంటూ. "ఇగ మూసి రా. బిడ్డ నీకోసం జూస్తున్నది."

"వస్తున్న" అన్నారాయన. చీటీని తీసి, కింది మూలన పెట్టి, అది కూడా చూసి, అప్పుడు వెళ్లారు.